గట్టి గిటార్

ఆ రోజుల్లో గల్ఫ్ క్యాంపుల్లో డిగ్రీ చదివినవాడి బతుకు దేవుడి బతుకు కన్నా ఏమంత తేలిక కాదు. జనం ఇద్దరినీ అన్నీ అడుగుతారు. కాకపోతే దేవుడికి జవాబు చెప్పకుండా ఊరుకునే సౌకర్యం ఉంది. ఒమాన్‌లో రుస్తాఖ్ అనే ఊళ్లో మా కంపెనీ క్యాంపు మొత్తానికి బీయస్సీ నేనొక్కణ్ణే. (బోటనీ. ఆ చుట్టుపక్కల ఖర్జూరం చెట్లు తప్ప నా చదువుకు అందే వస్తువు లేదు. వాటికి నాతో పని పడలేదు.) ఉద్యోగం స్టోర్‌కీపర్‌ది. సిమెంటు బస్తాలో, తలుపులో, కమోడ్లో లారీ మీంచి దిగితే, చూసి, తట్టి, సంతకం పెట్టి లోపల వేయించడం. డ్యూటీ అయ్యాక అసలు డ్యూటీ మొదలయ్యేది. మందు సీసా మీద ఏం రాసుంది, టేప్‌రికార్డర్ క్యాసెట్‌ను ఎందుకు మింగింది, ఊళ్లో పెద్దమ్మాయిని నర్సింగ్‌లో చేర్చాలా టీచర్ ట్రైనింగ్‌లోనా, అన్నీ నా మంచం దగ్గరికే వచ్చేవి. 'తెలియదు' అనే మాటను మొదటి నెలలో ఒకసారి వాడి చూశాను. అడిగిన మనిషి మొహం వాడిపోయిన తీరు చూశాక మళ్లీ దాని జోలికి పోలేదు.

ఈ ధోరణిలోనే నాకు గిటార్ కూడా వచ్చేసింది. నా పెట్టెలో కాలేజీ వార్షికోత్సవం ఫోటో ఒకటి ఉండేది. స్టేజీ మీద పాడేవాళ్ల వరసలో చివర ఒక ఖాళీ మిగిలితే, అది పూడ్చడానికి పొడుగ్గా ఉన్నానని నన్ను నిలబెట్టి, చేతులు ఊరికే ఉంటే బాగుండదని ఒక గిటార్ ఇచ్చారు. ఆ ఫోటో చూసి సిస్టరక్క, "నీకు గిటార్ వచ్చా తమ్ముడూ!" అంది. "ఏదో కొంచెం" అన్నాను. (బాగా వచ్చినవాళ్లు కూడా అలాగే అంటారని నాకు తెలుసు. వాళ్ల దగ్గర్నుంచి నేను తీసుకున్నది ఆ వినయం ఒక్కటే.)

సిస్టరక్కకు ఆ పేరు మేం పెట్టిందే. క్లినిక్‌లో అందరూ సిస్టర్ అనేవాళ్లు, మన తెలుగువాళ్లం అక్క అనేవాళ్లం, రెండూ అతుక్కుపోయాయి. ఆమెది నరసాపురం పక్కన పల్లె. మా క్యాంపుకు దగ్గర్లోనే చిన్న ప్రైవేటు క్లినిక్‌లో ఉన్న ఇద్దరు నర్సుల్లో ఒకామె. నాకు కామెర్లు వచ్చి వారం రోజులు అక్కడ పడి ఉన్నప్పుడు, "జావ తాగావా తమ్ముడూ" అని తెలుగులో అడిగిన మొదటి మనిషి. శుక్రవారం సెలవు కాబట్టి ఆ పొద్దున్నే క్లినిక్ మేడ మీద ఆమె గదిలో పదిమంది తెలుగువాళ్లు చేరి ప్రార్థన చేసుకునేవాళ్లు. ఆమె గిటార్ వాయిస్తూ పాడేది. నేను ప్రార్థనకు కాకపోయినా ఆ తర్వాత పెట్టే పులిహోరకు ఠంచనుగా హాజరయ్యేవాణ్ణి. అంతకుముందు వేసవిలో ఆ గదిలో ఏసీ చెడిపోయి, ఎండకి ఆ గిటార్ ముందు చెక్క నిలువునా పగిలింది. అప్పట్నుంచీ ఆమె చప్పట్లతోనే సరిపెట్టుకుంటోంది.

ఆ జూన్‌లో ఒక శనివారం వాళ్ల పెద్దక్క పోయిందని ఫోను వచ్చింది. ఊళ్లో మిషన్ ఆసుపత్రిలో నర్సు ఆవిడ. ఈమెకు నర్సింగ్ చదువు చెప్పించిందీ ఆవిడే, గిటార్ నేర్పిందీ ఆవిడే. నాలుగు రోజుల జ్వరం. ఫోను కలిసేసరికి భూస్థాపన కూడా అయిపోయింది. రెండో నర్సు సెలవు మీద కేరళలో ఉంది. ఈమె కూడా వెళ్తే క్లినిక్‌కి తాళం పెట్టాలి. "ఇప్పుడెళ్లి చేసేదేముంది" అని తనే అని, మళ్లీ వార్డులోకి వెళ్లింది. మా సైట్‌లో వడ్రంగి మేస్త్రీ భాయ్ ఆ రోజే చెయ్యి వాచి ఇంజెక్షన్‌కి వెళ్లాడు. అంత మెత్తగా సూది గుచ్చిన మనిషిని తన జన్మలో చూడలేదనీ, అందుకే భయమేసిందనీ వచ్చి చెప్పాడు.

మంగళవారం సాయంత్రం పలకరించడానికి వెళ్లాను. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. (ఆ ఒక్క విషయంలో తెలిసినట్టు నటించలేదని మనవి.) ఆమే మొదలుపెట్టింది.

"శుక్రవారం అక్క జ్ఞాపకంగా ఆదరణ కూటం పెట్టుకుంటున్నాం తమ్ముడూ. అక్క కట్టిన పాటొకటుంది. మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ రాదది. ఇప్పుడిక నాకొక్కదానికే. అది పాడాలి."

"పాడండక్కా."

"పాడతాను గానీ, ఎక్కడో ఓ చోట గొంతు ఆగిపోద్ది, నాకు తెలుసు. అప్పుడు తీగ సాగుతూ ఉండాలి కదా. మిగతావాళ్లు అందుకుందామన్నా వాళ్లకి రాదాయె. నువ్వు గురువారం స్టోర్ సామానుకి మస్కట్ వెళ్తావుగా, చవకలో ఓ గిటార్ చూసి పట్రాగలవా? ఏది మంచిదో ఏది కాదో నీకు తెలుసు కదా."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. నేను "దానిదేముందక్కా" అన్నాను.

నాకు గిటార్ గురించి ఏమీ తెలియదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, కనీసం కర్ర గురించి తెలిసినవాడు పక్కనుంటే నయమని మేస్త్రీ భాయ్‌ను వెంటబెట్టుకున్నాను. కడప మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. వడ్రంగంలో ఆయన మాట మా సైట్‌లో చివరి మాట. ఏ తలుపు దింపుకోవాలో ఏది వెనక్కి తిప్పి పంపాలో నాకు నేర్పింది ఆయనే. ఆయన చూసి ఊఁ అంటే నేను సంతకం పెట్టేవాణ్ణి. కంపెనీ మా ఇద్దర్నీ కలిపి ఒక నిపుణుడి కింద జమకట్టేది.

మస్కట్‌లో రువీ బజారుకెళ్తే, గడియారాలు, రేడియోలు, సూట్‌కేసులు అమ్మే సందులో ఒక గిటార్ల కొట్టు దొరికింది. నడుపుతున్నది గోవా పెద్దమనిషి. చవకలో కావాలనగానే రెండు తీసి బల్లమీద పెట్టాడు. మొదటిది పాలిపోయిన రంగులో, చేతిలోకి తీసుకుంటే ఉందా లేదా అన్నంత తేలిగ్గా ఉంది. "సస్తా హై సాబ్, లేకిన్ గాతా హై" అన్నాడు. చవకే గానీ పాడుతుందట. మేస్త్రీ భాయ్ ఆ మాటలు పట్టించుకోకుండా వేలి మెటికతో దాని పొట్ట మీద కొట్టాడు. డుంగ్‌మని మోగి, ఆ మోత చాలాసేపు గదిలో తిరిగింది.

"బోలు సార్" అన్నాడు నా చెవిలో. "ఇట్ల మోగిందంటే లోపల ఏం లేనట్ల. మన సైట్‌కి ఇట్లాంటి తలుపొస్తే దించుకుంటారా మీరు?"

"దించుకోను."

"కద! పోయిన నెల లారీ లారీ తిప్పి పంపలే?"

పంపాం. నిజమే. అంతటితో ఆగక, ఆయన ఒక కన్ను మూసి గిటార్ మెడ వెంబడి గురి చూశాడు. సంచిలోంచి రసమట్టం తీసి మెడ మీద పెట్టాడు (ఆ సంచి లేకుండా ఆయన పెళ్లిళ్లకు కూడా వెళ్లడు). "నడిమిట్లో రవ్వంత లోపలికి దిగింది సార్. వంకర మాల్." గోవా పెద్దమనిషి ఆ రసమట్టం వంక చూసిన చూపు నాకింకా గుర్తే. ఇరవయ్యేళ్లుగా గిటార్లు అమ్ముతున్నవాడికి కూడా కొత్తవి చూసే అవకాశం ఉంటుంది.

రెండోది ముదురు ఎరుపు. అద్దంలా పాలిష్. బరువు బాగా ఉంది. తడితే ధబ్‌మంది, అంతే, మోత ఊసు లేదు. మేస్త్రీ భాయ్ మొహం వెలిగింది. "ఇది సార్ మాల్ అంటే! టేకు తలుపు మాదిరి." మెడ తాడు లాగినట్టు నిటారుగా ఉంది. తీగలకీ కర్రకీ మధ్య ఆయన చిటికెన వేలు హాయిగా దూరింది. "సందు కూడా బాగ ఇడిసినాడు. తలుపు కింద సందు లేకుంటే కార్పెట్టుకు రాసుకుంటాది కదా సార్, అట్ల." ఆ తర్కంలో నాకు లోపం కనిపించలేదు. ఇప్పటికీ, తలుపుల వరకూ, లోపం లేదు.

"బజా కే తో దేఖో, సాబ్" అన్నాడు పెద్దమనిషి, వాయించి చూడమని, పాలిపోయిన గిటార్‌ను నావైపు జరుపుతూ. ఆ కొట్టులో ఆ రోజు ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే. కానీ తీగ ముట్టుకుంటే నా గుట్టు బయటపడుతుంది. అందుకని ఒక పెద్ద విద్వాంసుడు తల పంకించినట్టు పంకించి, "జరూరత్ నహీ" అన్నాను, అవసరం లేదు, చూస్తేనే తెలుస్తుందన్నట్టు. ఆయన మరోసారి ఆ మొదటిదే మంచిదని చెప్పబోయాడు. "అమ్ముడుబోని మాల్ అంటగడతాండాడు సార్" అన్నాడు మేస్త్రీ భాయ్. గోవా పెద్దమనిషి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, ఎర్రదాన్ని అట్టపెట్టెలో పెట్టి, ఏ పాపం తన మీద లేదన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

శుక్రవారం తొమ్మిదింటికి కూటం. మధ్యాహ్నం జుమ్మా నమాజుకు ఇంకా టైముందని మేస్త్రీ భాయ్ కూడా వచ్చి గోడవార కూచున్నాడు. బయట దుమ్ముగాలి. గదిలో పదిమంది, పెద్దక్క ఫోటో ఒకటి, దాని ముందు ప్లాస్టిక్ పూలు (నిజం పూలు అక్కడ దొరికేవి కావు). ల్యాబ్‌లో పనిచేసే అంకుల్ వాక్యం చదివి, ప్రార్థన చేసి కూచున్నాడు. సిస్టరక్క తెల్లచీరలో గిటార్ ఒళ్లోకి తీసుకుని శ్రుతి చెయ్యబోయింది. పైనున్న మరలు ఆమె వేళ్లకు తిరగలేదు. మేస్త్రీ భాయ్ లేచి జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి, "ఎంత తిప్పాల చెప్పక్కా" అంటూ ఒక్కొక్కటే బిగించి పెట్టాడు. అలాంటి సమయంలో కూడా వెనక వరసలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

తర్వాత ఆమె మీటింది. బియ్యం బస్తా మీద చెయ్యి వేసినట్టు ఒక శబ్దం వచ్చింది, వచ్చిన చోటే పడిపోయింది. ఆమె గట్టిగా నొక్కి మళ్లీ మీటింది. తీగలు అంతెత్తున ఉన్నాయి కదా, నొక్కడానికి ఆమె మణికట్టు నరాలు పైకి తేలాయి. అయినా మొదలుపెట్టింది. మొదటి చరణం ఎలాగో గడిచింది. రెండో చరణం మధ్యలో, ఆమె చెప్పినట్టే, గొంతు ఆగిపోయింది. వేళ్లు మాత్రం మీటుతూనే ఉన్నాయి. వాటి కింద పాట లేదు. ధబ్, ధబ్, అంతే. ఎవరికీ ఆ పాట రాదు, అందుకునేవాళ్లు లేరు. ఆ చప్పుడు కూడా ఆగాక గదిలో ఏసీ మోత ఒక్కటే మిగిలింది. అంత ఖాళీ నేను అంతకుముందెప్పుడూ వినలేదు. చివరకు ఆమె గిటార్ పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, ఒట్టి గొంతుతో, సగం మాటలు మింగేస్తూ ఆ పాట పూర్తి చేసింది. అప్పటికి గదిలో ఏడవనివాళ్లు లేరు. ఆ రోజు పులిహోర తినకుండానే బయటపడ్డాను.

క్యాంపు గేటు దగ్గర మేస్త్రీ భాయ్ ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "చూసినారా సార్, అందరూ ఎట్ల ఏడ్చినారో" అన్నాడు. "మంచి మాల్ తెచ్చినాం."

"తెచ్చాం భాయ్" అన్నాను. ఆయన ఆ తృప్తితో నమాజుకు పోయాడు. తృప్తి లేనివాణ్ణి నేను స్టోర్‌లోకి పోయి తలుపుల మధ్య కూచున్నాను.

నాలుగు రోజులు ఓపిక పట్టి, రేకు గీరుకున్న వేలొకటి సాకుగా పెట్టుకుని క్లినిక్‌కి వెళ్లాను. ఆమె కట్టు కడుతుండగా, ఆమె వైపు చూడకుండా, "అక్కా, నాకు గిటార్ గురించి ఏమీ తెలియదు" అన్నాను.

"తెలుసు తమ్ముడూ."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నించీ. నా పాత గిటార్ ఏడాదిపాటు ఆ మూలనే ఉందిగా, నువ్వొక్కసారి చెయ్యి వెయ్యలేదు. వాయించడం వచ్చినోడి చెయ్యి ఊరుకోదమ్మా."

ఆమె కోపంగా అని ఉంటే నాకు సులువుగా ఉండేది. "మరి తెలిసీ నన్నెందుకు పంపారు?" అన్నాను.

ఆమె టేపు పళ్లతో కొరికి తెంపింది. "శుక్రవారంలోపు వెళ్లి తెచ్చేవాళ్లు నాకిక్కడ ఇంకెవరున్నారు?" అంది. తర్వాత, బయట కూచున్న పేషెంట్‌ను లోపలికి పంపమంది.

మరుసటేడు ఆమెకు సువైక్‌లో ఇంకో క్లినిక్‌లో పని దొరికింది. సామాను పికప్‌లోకి ఎక్కిస్తుంటే ఎర్ర గిటార్ కూడా వచ్చింది. "ఇది వదిలెయ్యండక్కా" అన్నాను. "ఎందుకూ, గట్టిది కదా" అంది, నవ్వకుండా. అదే ఆమెను చివరిసారి చూడటం.

ఇప్పుడు నాకు తెలియనిది తెలియదని చెప్పడం బాగా అలవాటైంది. ఇంట్లో అయితే నేను చెప్పనక్కర్లేకుండా వాళ్లే చెప్పేస్తున్నారు. గిటార్ తడితే మోగాలనీ, తీగలు మెడకు దగ్గరగా ఉండాలనీ, మెడలో రవ్వంత వంపు ఉండాలనీ కూడా తెలుసుకున్నాను. కాస్త ఆలస్యంగా. అయినా అప్పుడప్పుడూ ఆ ఇరవైనాలుగేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. రువీ నుంచి రుస్తాఖ్ వచ్చే రోడ్డు మీద, ఏసీ లేని పికప్‌లో, డ్రైవరుకీ మేస్త్రీ భాయ్‌కీ మధ్య ఇరుక్కుని, అట్టపెట్టెను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ దెబ్బ తగులుతుందోనని రెండు గంటలూ కాళ్లు తిమ్మిరెక్కినా కదపకుండా కూచున్నవాడు. ఎంచుకోవడంలో వాడు చేసిన తప్పులు ఎన్నయినా చెప్పగలను. మోసుకొచ్చిన తీరులో మాత్రం ఇవాళ్టికీ ఒక్క తప్పు పట్టలేను.