ఎవరి మనిషీ కాని డాక్టరమ్మ

ఊళ్లో కక్షలకూ పార్టీలకూ తేడా లేకుండా పోయిన రోజులవి. బాంబులు పడ్డప్పుడు మా నాయన, చిన్నాయన ఒకే జీపులో ఉన్నారు. నాయన ఒక్కడే తిరిగొచ్చాడు. శవం మీద ఊరంతా ఏడ్చింది గానీ, ఆయన కంట చుక్క నీరు రాలేదు. ఆ తర్వాత నిద్ర పోయింది, తిండి పోయింది. మనిషి మా కళ్లముందే కరిగిపోతున్నాడు.

పులివెందులలో మందుల షాపాయన్ను సైకాలజిస్టు ఎక్కడున్నారని అడిగితే, "పిచ్చి డాక్టరా? మద్రాసుకు పోవాల" అన్నాడు. జమ్మలమడుగులో మనసు వైద్యుడని బోర్డు కట్టుకున్న పెద్దమనిషి సొరుగులోంచి తాయెత్తు తీశాడు. లైసెన్సు ఉందా అని అడిగాను. నన్ను కొట్టకుండా వదిలాడు, అదే గొప్ప. చివరికి చర్చి పక్కన ఉండే మా బడి టీచరమ్మ చెప్పింది, ప్రొద్దుటూరులో నిజంగా ఆ చదువు చదివి, లైసెన్సు తెచ్చుకున్న ఒకామె ఉందని.

నాయన అడిగిన మొదటి మాట, "ఆయమ్మ ఎవరి మనిషి?"

నవ్వొద్దు. మా వైపు డాక్టరైనా, టీ కొట్టాయనైనా ఏదో ఒక వర్గం కావాల్సిందే. డిగ్రీ చదివిన ఆడపిల్లను నేను కూడా సిగ్గులేకుండా ముందే వెళ్లి ఆమెనే అడిగాను. ఎవరి మనిషినీ కానంది. ఆ మాట ఇంట్లో చెబితే నాయన ఇంకా బిగుసుకున్నాడు. "ఎవురి మనిషీ కాదంటే నమ్మేదెట్ల మే? మాత్రలియ్యదు, సూదెయ్యదు. ఏం డాక్టరు?"

అమ్మ అన్నం మానేసి కూర్చుంటే గానీ బస్సెక్కలేదు.

బట్టల అంగడి పైన చిన్న గది ఆమెది. అమ్మా నేనూ బయట బల్ల మీద కూర్చున్నాం. నాయన లోపలికి అడుగు పెట్టి అక్కడే నిలబడిపోయాడు. ఖాళీ కుర్చీ తలుపుకు వీపు పెట్టి ఉంది. మా ఊళ్లలో మగవాళ్లు అట్లా కూర్చోరు. వచ్చేది ఎవరో కనబడాలి. డాక్టరమ్మ ఆయన్ను చూసింది, తలుపును చూసింది, తన కుర్చీలోంచి లేచింది.

"ఈడికి రాన్నా. ఈడ కుచ్చుంటే తలుపు కనపడతాది."

తాను పోయి ఆ ఖాళీ కుర్చీలో, తలుపుకు వీపు పెట్టి కూర్చుంది. తుపాకులు పట్టుకు తిరిగే మొనగాళ్లను చిన్నప్పటినుంచీ చూశాను గానీ, అంత ధైర్యం ఎవరిలోనూ చూడలేదు. ఆమె నాతో తలుపు దగ్గరికి వేయించింది.

కొంతసేపటికి లోపలినుంచి ఒక గొంతు. మా నాయన ఏడిస్తే ఎట్లుంటుందో నాకు తెలియదు కాబట్టి, ఎవరో అనుకున్నాను. తమ్ముణ్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు.

నేను లేచి తలుపు తోయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో భయం లేదు.

"పోవద్దు మే. ఏడ్చనీ. మీ చిన్నాయన ఈ పొద్దే గదా సచ్చిపోయింది, ఆయనకు."