ఆలివ్ కోతకు ఒక్కరే

ఉదయం ఆరు నలభైకి పోస్టు చేరాం. లెబనాన్ దక్షిణ సరిహద్దు. సున్నపురాళ్ల గుట్ట. కింద ఆలివ్ తోటలు. తోటల మధ్య వరుసగా నీలిరంగు పీపాలు. పీపా దాటితే అవతలి సైన్యం. శాంతిసేన నీలి హెల్మెట్, బరువైన బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా, ఒక రేడియో సెట్టు ఇచ్చారు. నా కింద పదకొండు మంది. తార్నాకలో నా రెండేళ్ల పాప.

డ్రైవర్ కరీంనగర్ వైపువాడు. పీపాలు చూసి నవ్వాడు.

"ఏంది మేడం, గీ గట్టు పంచాయితీకేనా మనల్ని ఇంత దూరం తెచ్చిండ్రు?"

గట్టు పంచాయితీయే. మొదటి ప్రపంచ యుద్ధం గెలిచిన బ్రిటన్, ఫ్రాన్సు పటం మీద గీసుకున్న గీత దాదాపు ఆ పీపాల వెంబడే పోతుంది. రెండో యుద్ధం తర్వాత గీతకు అవతల కొత్త దేశం వచ్చింది, ఇవతలికి కాందిశీకులు వచ్చారు. తర్వాత అమెరికా, రష్యా ఆ ప్రాంతాన్ని చెరోవైపు నుంచి ఆయుధాలతో నింపాయి. జాతి, మతం, విప్లవం అంటూ ఎవరి జెండా వాళ్లు ఎత్తారు. మా ఊళ్లో గట్టు జరిపినవాడు పక్క చేనులోనే ఉంటాడు. వెళ్లి తిట్టవచ్చు. ఇక్కడ గీసినవాళ్లు ఎప్పుడో పోయారు.

రోజూ నాలుగున్నరకు ఇంటికి ఫోన్. తార్నాకలో అప్పటికి ఏడు. మా ఆయన యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెబుతాడు. పాపను మా ఆడపడుచు చూసుకునేది. మూడో వారంలో ఒకరోజు ఆమె చెప్పింది.

"వదినా, ఆర్ట్స్ కాలేజీ మెట్ల కాడ పడ్డది. మోకాలు గీస్కపోయింది, అంతే. అన్న ఎత్తుకుంటే ఏడుపాపలే. అత్తా అత్తా అని నా మెడ ఇడుస్తలేదు."

అమ్మా అనలేదా అని అడగబోయి ఆపుకున్నాను. "మందు రాశావా?" అన్నాను. ఆమె గొంతులో సంతోషం ఉందో లేదో, నాకు మాత్రం వినిపించింది.

మర్నాడు ఆలివ్ కోత. పీపాల అవతల ఉండిపోయిన చెట్లను ఇవతలి రైతులు మా కాపలాలో వెళ్లి కోసుకుంటారు. ఆర్డర్: ఇంటికి ఒక్కరు, ఏడు నుంచి పదకొండు.

ఏడుకు ఐదు నిమిషాల ముందు ఒకామె వచ్చింది. నా వయసే. చంకన రెండేళ్ల పిల్ల. వెంట భర్త చెల్లెలని దుబాసీ చెప్పాడు. పిల్ల తల్లి మెడను రెండు చేతులా చుట్టుకుని ఉంది. చూడలేకపోయాను.

"పిల్ల ఇక్కడే ఉండాలి," అన్నాను.

ఆమె ఏదో అంది. "నన్ను వదిలి ఉండదు అంటోంది," అన్నాడు దుబాసీ.

ఆ మాటకు ఇంకా మండింది.

"కంపెనీ హెడ్‌క్వార్టర్స్‌ను అడగనా మేడం? అర నిమిషం పని," అన్నాడు రేడియో ఆపరేటర్.

"వద్దు. ఆర్డర్‌లో ఒక్కరే."

"చంటిపిల్లను లెక్కల పెడ్తరా మేడం? సిటీ బస్సుల గూడ టికెట్ అడుగరు," అన్నాడు డ్రైవర్.

"నువ్వు బండి చూసుకో."

మందుపాతర భయమని చెప్పుకోవచ్చు. కానీ ఆ తోటను ముందురోజే తనిఖీ చేశాం.

ఆమె పిల్లను ఆడపడుచుకు ఇచ్చి పీపా దాటింది. పిల్ల ఏడ్చి ఏడ్చి తొమ్మిదింటికి అత్త భుజం మీద నిద్రపోయింది. రిపోర్టులో రాశాను: విశేషాలేమీ లేవు.

ఏడు నెలలకు తిరిగొచ్చాను. సైన్యంలో నా గడువు కూడా ఆ ఏడాదే ముగిసింది. తార్నాక ఫ్లాట్ తలుపు ఆడపడుచు తీసింది.

"అగో, అమ్మొచ్చింది సూడు!"

పాప ఆమె చున్నీ వెనక దాక్కుంది. పది రోజుల తర్వాత ఆడపడుచు సంచి సర్దుకుని లాలాపేట్‌లోని మా అత్తగారింటికి బయల్దేరితే, పాప లిఫ్ట్ ముందు కూర్చుని ఏడ్చింది. ఎత్తుకోబోతే నన్ను తోసేసింది. ఇప్పుడు నా పక్కనే పడుకుంటుంది. అయినా నిద్రలో ఎవరిని పిలుస్తుందోనని మేలుకుని వింటుంటాను.

మొన్న మా ఆయన క్లాసులో మాట్లాడాను. ఒక అమ్మాయి లేచింది.

"మేడం, గీసినోళ్లు ఎప్పుడో పోయిండ్రు గదా. గా గీత ఇంకా ఎట్ల నిలవడ్డది?"

యుద్ధాలు, సిద్ధాంతాలు, ఆయుధాలు, అన్నీ చెప్పాను. రాసుకున్నారు. ఆ ఉదయం సంగతి చెప్పలేదు.

ఆ నాలుగు గంటలూ బైనాక్యులర్‌లో ఆమెనే చూశాను. రెండు చేతులతో కోస్తే పని తొందరగా అయ్యేది. ఆమె కుడిచేత్తోనే కోసింది. తుంటి పక్కకు నెట్టి, ఎడమ చెయ్యి వంచి నడుముకు ఆనించి, అక్కడ లేని పిల్ల జారిపోకుండా పట్టుకుని.