నాలుగో అడుగు

మదామ్ తెరేజ్ గీసిన బాతును కైరోలో ఎరగనివాళ్లు లేరు. మదామ్ తెరేజ్‌ను ఎరిగినవాళ్లు మాత్రం షుబ్రా పేటలో ఆమె ఉండే సందులో కూడా సగం మందే. ఆమెకు అదేమీ బాధగా ఉండేది కాదు. బొమ్మలు గీసేవాళ్ల బతుకే అంత. బొమ్మ టీవీలో కులుకుతుంది, గీసిన మనిషి మెట్రోలో నిలబడి ఇంటికి పోతుంది.

బాతు పేరు సిత్త్ అతియ్యాత్, అంటే అతియ్యాత్ అమ్మగారు. ఒక బిస్కెట్ కంపెనీ కోసం పుట్టింది. ప్రతి రంజాన్‌కీ, సాయంత్రం ఉపవాసం విడిచే మగ్రిబ్ ఫిరంగి మోగి జనం మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే వేళకు టీవీలో ఆమె ప్రకటన వస్తుంది. తలకు గుడ్డ, చేతిలో బిస్కెట్ల బుట్ట. ఫిరంగి మోగేలోగా ఇల్లు చేరాలని ఆదరాబాదరాగా నడుస్తూ ఉంటుంది. ఏడాదికి ఒక్కటే ప్రకటన, ముప్పై రోజులూ అదే.

"దేశమంతా బాతు కోసుకు తినే రోజున, ఈ బాతు పరిగెత్తుకుంటూ ఇంటికెళ్లడమేంటే? బుద్ధుందా దానికి?" అని తెరేజ్ అక్క జోర్జెట్ మొదటి ఏడే అడిగింది. రంజాన్ మొదటి రోజు చాలా ఇళ్లలో బాతు వండుతారు మరి. ఈ అక్కచెల్లెళ్లు క్రైస్తవులు, వాళ్ల ఉపవాసాలు వేరే. అయినా కింది ఇంటి ఉమ్మ్ వాయిల్ ఆ సాయంత్రం బాతు కూర గిన్నె పైకి పంపకుండా ఉండదు. అక్కచెల్లెళ్లిద్దరూ ఆ బాతును తింటూ ఈ బాతును చూసేవాళ్లు.

సిత్త్ అతియ్యాత్ ఇంత పేరు తెచ్చుకున్నది అందంతో కాదు, ఒక తప్పుతో. పంతొమ్మిదేళ్ల కింద కంపెనీవాళ్లు రెండు రోజుల్లో ప్రకటన కావాలని మెడమీద కూర్చున్నారు. క్షణానికి ఇరవై ఐదు బొమ్మలు, అన్నీ చేత్తో గీయాలి. ఆ తొందరలో తెరేజ్ బొమ్మల వరస రాసుకునే కాగితంలో పద్నాలుగో బొమ్మను పదమూడో బొమ్మకంటే ముందు వేసింది. చూస్తే ఏముంది, నాలుగో అడుగులో బాతు ఎడమకాలు జారి వెనక్కి పోయింది. మళ్లీ గీసే వ్యవధి లేదు. తప్పు కప్పిపుచ్చడానికి ఆమె ఇంకొన్ని బొమ్మలు చేర్చింది. బాతు తూలుతుంది, బుట్టను గుండెకు హత్తుకుంటుంది, ఎవరైనా చూశారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది, ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది. స్టూడియో యజమాని ఉస్తాజ్ గలాల్ అది చూసి తల పట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఊళ్లో పిల్లలందరూ అలా తూలుతూ నడుస్తున్నారు.

ఆ వారంలోనే జోర్జెట్ టీవీ ముందు తినడం ఆపి, చెల్లెలి వైపు తిరిగింది.

"ఏమే తెరేజూ, అది నేనేగా?"

జోర్జెట్‌కు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. తాడు కట్టిన బుట్టను బాల్కనీలోంచి కిందికి దింపితే కూరలవాడు అందులో వేసిస్తాడు, సందులో అందరూ చేసేది అదే. జోర్జెట్ మాత్రం నలభై రెండు మెట్లూ దిగి, నాలుగు బండ్ల దగ్గర బేరమాడి, నలుగురిని తిట్టి, బుట్ట నింపుకుని వస్తుంది. దారిలో ఎక్కడో ఒకచోట కాలు తూలుతుంది. అప్పుడు బుట్టను హత్తుకుని, ఎవరైనా చూశారేమోనని వెనక్కి చూస్తుంది. తెరేజ్ ఆమెను గీయాలని గీయలేదు. కళ్లముందు నలభై ఏళ్లుగా నడిచిన మనిషి చేతిలోంచి వచ్చేసింది, అంతే.

"సర్లే, నన్ను నడిపిస్తే నడిపించు. నవ్వులపాలు మాత్రం చెయ్యకు. మాటివ్వు" అంది జోర్జెట్.

తెరేజ్ మాటిచ్చింది.

అప్పటినుంచి ఆ నడక వేరేవాళ్ల చేతికి ఇవ్వలేదు. పైగా దాన్ని ఎక్కడా రాసిపెట్టలేదు. బాతు ముక్కు ఎంత పొడవు, గుడ్డ ఏ రంగు, ఇవన్నీ కొలతల కాగితంలో ఉన్నాయి. తూలడం మాత్రం లేదు. ఒక ఏడాది తొమ్మిదో అడుగులో తూలింది, ఒక ఏడాది మెట్టు మీద, ఒక ఏడాది చివరిదాకా తూలకుండా వచ్చి ఇంటి గడప దగ్గర తూలింది. ఆ ఏడు జోర్జెట్ పగలబడి నవ్వి, "గడప దగ్గరా? దొంగముఖమా, మొన్న నన్ను చూశావన్నమాట!" అంది. సందులో పిల్లలు ఆమె వెంటబడి "సిత్త్ అతియ్యాత్!" అని అరిచేవాళ్లు. ఆమె గిర్రున తిరిగి, "ఉండండి, మీ అమ్మలకి చెప్తా! ఒక్కొక్కడి చెవి పిండిస్తా!" అని బుట్ట ఝళిపించేది. ఆ అరుపుల్లో ఆమెకు ఎంత గర్వమో తెరేజ్‌కు తెలుసు.

ఇరవయ్యో ఏడు కంపెనీ వైఖరి మారింది. రోజుకొక కొత్త ప్రకటన కావాలంది, ముప్పై. వాటితోపాటు ఫోన్లలో చూసుకునే చిన్న ముక్కలు తొంభై. ఉస్తాజ్ గలాల్ మీసం దువ్వుకుంటూ సరేనన్నాడు. పని చూసుకోవడానికి హాతిమ్ అనే ముప్పై ఏళ్ల ఇంజనీరును పెట్టుకున్నాడు. హాతిమ్ మంచివాడు. ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాడు దొరికితే బాగుండేదని తెరేజ్‌కు తర్వాత చాలాసార్లు అనిపించింది.

పని కైరోలో కొందరికీ, ఇస్కందరియాలో కొందరికీ, అమ్మాన్‌లో కొందరికీ పంచారు. మొత్తం ఇరవై ఆరుమంది. మొదటి పది ముక్కలూ వచ్చాయి. ఒకరి బాతుకు మెడ పొట్లకాయంత. ఒకరి బాతు సినిమా తారలా కళ్లు ఆర్పుతోంది. అమ్మాన్ బాతు సైనికుడిలా నడుస్తోంది, తూలడమే లేదు. తూలడం తప్పనుకుని వాళ్లు దిద్దేశారు పాపం!

కంపెనీవాళ్ల దగ్గర్నుంచి గట్టి ఉత్తరమే వచ్చింది. మా బాతు ఒక్కటే, మీరు పది బాతుల్ని పంపారు అని దాని సారాంశం.

తెరేజ్ అన్నీ తానే దిద్దుతానంది. మూడు వారాలు తల ఎత్తకుండా దిద్దింది. వారానికి నాలుగు తేలాయి. రావలసినవి నూట ఇరవై. మణికట్టు వాచి గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమైంది.

"మదామ్, మీరు ఒక్కరే ఎన్నని దిద్దుతారు?" అన్నాడు హాతిమ్, ఆమె బల్ల పక్కన కుర్చీ లాక్కుని. "మీ చేతిలో ఉన్నది కాగితం మీద పెట్టండి. ఎన్నో అడుగు, ఎన్ని బొమ్మలు, ఎంత వంగాలి. రాసిస్తే అందరూ అదే చేస్తారు. మీ బాతు మీ బాతులాగే ఉంటుంది."

"రాస్తే వచ్చేది కాదు నాయనా అది."

"మరి రాయకపోతే ఎలా వస్తుందో చెప్పండి. అదే చేద్దాం."

అతను ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగాడు.

ఆమె రాసింది. ఎడమకాలు జారడానికి ఎనిమిది బొమ్మలు, బుట్ట హత్తుకోవడానికి ఆరు, వెనక్కి చూడడానికి పన్నెండు. ఎప్పుడు తూలాలి అన్నచోట 'ఒక్కోసారి, సందర్భాన్ని బట్టి' అని రాసింది. ఆ కాగితం మూడు చోట్లకూ వెళ్లి మూడు రోజుల్లో తిరిగివచ్చింది.

"మదామ్, ఇస్కందరియావాళ్లు 'ఒక్కోసారి' అంటే ఎన్నిసార్లని అడుగుతున్నారు" అన్నాడు హాతిమ్. "అమ్మాన్‌వాళ్లు సందర్భాల జాబితా కావాలంటున్నారు. మనవాళ్లు అసలేం అడగలేదు, ఎవరికి తోచింది వాళ్లు చేసేశారు. ఒక బాతు ఆరుసార్లు తూలింది, చూడండి. తాగినట్టుంది."

తెరేజ్ తెరవైపు వంగి చూసింది. ఆ బాతు నిజంగా నవ్వులపాలైంది. అక్కకిచ్చిన మాట గుర్తొచ్చింది. ఇంతమంది చేతుల్లో నలిగేకంటే ఒక కట్టడి ఉండడమే నయమనుకుంది. కలం తీసుకుని 'ఒక్కోసారి' కొట్టేసింది. పైన 'నాలుగో అడుగు' అని రాసింది. మొట్టమొదటి ప్రకటనలో తూలింది నాలుగో అడుగులోనే కదా. దాని కింద సంతకం పెట్టింది.

ఇక పని పరుగందుకుంది. హాతిమ్ మనుషులు ఆ నడకను కంప్యూటర్లో ఒకసారి చేసి పెట్టుకున్నారు. మీట నొక్కితే బాతు నడుస్తుంది, నాలుగో అడుగులో తూలుతుంది. ఏ ఊరిలో చేసినా ఒకటే బాతు. కంపెనీవాళ్లు సంతోషించి బాతు బొమ్మ వేసిన కేకు పంపారు. తెరేజ్‌కు మెడ ముక్క వచ్చింది.

రంజాన్‌కు నాలుగు రోజుల ముందు ఆమె ముప్పై ప్రకటనలూ వరసగా చూసింది. పెళ్లింటికి పోతూ నాలుగో అడుగులో తూలింది. జబ్బుపడ్డ స్నేహితురాలిని చూడబోతూ నాలుగో అడుగులో తూలింది. పన్నెండు బొమ్మలు వెనక్కి చూసింది. ఎవరూ లేని వంతెన మీద కూడా పన్నెండు బొమ్మలు వెనక్కి చూసింది. ఎక్కడా తప్పు లేదు. మెడ సరిగ్గా ఉంది, గుడ్డ రంగు సరిగ్గా ఉంది.

తెరేజ్ లేచి ఉస్తాజ్ గలాల్ గదికి వెళ్లింది. హాతిమ్ అక్కడే ఉన్నాడు.

"నాలుగైదింట్లో అయినా తూలడం తీసెయ్యండి. లేదా చోటు మార్చండి. నేనే గీసిస్తాను."

"మదామ్, అన్నీ ఛానళ్లకి వెళ్లిపోయాయి" అన్నాడు హాతిమ్. "అయినా తప్పేముంది? మీరు రాసినట్టే చేశాం. ఒక్క బొమ్మ అటూ ఇటూ కాలేదు."

"అదే నాయనా తప్పు."

హాతిమ్ నిజంగా అర్థం కాక గలాల్ వైపు చూశాడు.

"తెరేజ్," అన్నాడు గలాల్ మెల్లగా, "ఇన్నేళ్లుగా నువ్వే కదమ్మా ఇది ఇంకెవరికీ చేతకాదని గొడవ పెట్టావు. ఇప్పుడు అందరికీ చేతనైంది. కంపెనీవాళ్లకి నచ్చింది. నచ్చినదాన్ని పాడుచెయ్యమని ఏ మొహంతో అడగను?"

సంతకం తనది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. తిట్టడానికి ఎవరూ లేని కోపం మనిషిని లోపల్లోపలే తినేస్తుంది. ఆమె బ్యాగు తీసుకుని మెట్రోకు నడిచింది.

రంజాన్ మొదటి రోజు ఉమ్మ్ వాయిల్ బాతు కూర పంపింది. జోర్జెట్ కొత్త శాలువా కప్పుకుని టీవీ ముందు కూర్చుంది. "ఈ ఏడు నన్ను ఏ సందులో నడిపించావే?" అని ఎప్పటిలాగే అడిగింది. ప్రకటన చూసి నవ్వింది. రెండో రోజు కొంచెం నవ్వింది. మూడో రోజు రొట్టె తుంపుకుంటూ ఊరుకుంది. తెరేజ్ టీవీని చూడడం మానేసి అక్క మొహం చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు బాతు తెరమీదికి రాగానే జోర్జెట్ వేళ్లు మడవసాగింది. "ఒకటి. రెండు. మూడు. ఇదిగో." బాతు తూలింది.

"అక్కా…"

"ఎప్పుడు తూలతానో నాకే తెలీదు తెరేజూ. అరవై ఒక్క ఏళ్లొచ్చాయి, ఇప్పటికీ తెలీదు. తెలిస్తే తూలనుగా. దీనికి ముందే ఎలా తెలుసు?"

తెరేజ్ ఇరవై ఆరుమంది గురించీ, మణికట్టు గురించీ, కాగితం గురించీ చెప్పాలనుకుంది.

"ఇన్నాళ్లూ అది నేను" అంది జోర్జెట్. కోపంగా అనలేదు. "ఇది నన్ను చూసి వెక్కిరించేవాళ్లెవరో." మళ్లీ రొట్టె అందుకుంది. "ఎవరు చేశారే ఇలా?"

"నేనే" అంది తెరేజ్.

జోర్జెట్ గిన్నె తుడిచి, ఉమ్మ్ వాయిల్‌కు తిరిగి పంపడానికి అందులో నాలుగు నారింజలు వేసింది.

మర్నాడు శుక్రవారం, స్టూడియోకు సెలవు. పొద్దున్నే జోర్జెట్ బుట్ట పట్టుకుని కిందికి దిగింది. తెరేజ్ బాల్కనీలోంచి చూస్తోంది. సందు మలుపులో పిల్లలు ఆరేడుగురు పోగయ్యారు. పాత పిల్లలే, పాత అల్లరే. కాకపోతే ఈసారి వాళ్లు "సిత్త్ అతియ్యాత్!" అని అరవలేదు. వరసకట్టి ఆమె వెనకే నడుస్తూ లెక్కపెడుతున్నారు. "ఒకటి! రెండు! మూడు! నాలుగు!" నాలుగు అనగానే అందరూ ఒక్కసారే ఎడమకాలు జార్చి, లేని బుట్టలు హత్తుకుని, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.

జోర్జెట్ ఆగలేదు, తిట్టలేదు. పాత ఇస్త్రీ కొట్టు దగ్గర నిజంగానే ఆమె కాలు తూలింది. వాళ్ల లెక్క ప్రకారం అది రెండో అడుగు, అందుకని ఒక్క పిల్లాడూ గమనించలేదు. బుట్టను హత్తుకుంది. జోర్జెట్ వెనక్కి తిరిగి చూడలేదు.

మధ్యాహ్నం హాతిమ్ ఫోన్ చేశాడు. నెలాఖరు పండుగకు ఇంకో అరవై ముక్కలు కావాలట, కంపెనీ అడిగిందట. నడక ఉన్నదే కాబట్టి మదామ్ కష్టపడనక్కర్లేదు, పేరు మాత్రం వేస్తామన్నాడు. ఆమె సరేనంది.

శనివారం పొద్దున తెరేజ్ వంటింట్లోంచి వచ్చేసరికి జోర్జెట్ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్లో బుట్ట. ఎక్కడినుంచి తీసిందో, పాత తాడు ఒకటి తెచ్చి బుట్ట పిడికి ముడి వేస్తోంది. గట్టిగా లాగి చూసుకుని, చెల్లెలి చేతికిచ్చింది.

"కూరలవాడిని పిలువు. కిలో టమాటా, అరకిలో దోసకాయ" అంది. "నువ్వే పిలువే. నాకు గొంతు రావట్లేదు."

తెరేజ్ కమ్మీ మీంచి వంగి కూరలవాడిని పిలిచింది. తాడు వదులుతూ పోయింది, బుట్ట మూడంతస్తులూ తిన్నగా దిగింది.