సూరమ్మ తెచ్చిన ఫొటో

ఇప్పుడంటే మౌసు నొక్కితే ఫొటోలో మనిషి చుట్టూ ఉన్నదంతా మాయమైపోతుంది, తప్పనిపిస్తే మళ్ళీ నొక్కగానే వచ్చేస్తుంది. ఏం సుఖపడిపోతున్నారయ్యా! కూతురు లిడియా షాపులో ఆ కంప్యూటరు పక్కన కూర్చున్నప్పుడల్లా, అరవై దాటిన సాలమోనుకి ఓ పాత ఫొటో గుర్తొస్తుంది.

ఎనభై ఎనిమిదిలో అమలాపురంలో ఓ ప్రెస్సులో ఆర్టిస్టుగా చేరేడు. ఉన్నదల్లా ఓ బ్లేడు, ఓ జిగురు సీసా, ఓ తెల్ల రంగు బుడ్డి. అట్ట మీద అక్షరాలు చేత్తో రాసి, ఫొటో కత్తిరించి అతికిస్తే, అది రాజమండ్రి వెళ్ళి, అచ్చు వెయ్యడానికి లోహపు బ్లాకై వచ్చేది. మూడు నెలలకే మంచి పనివాడని పేరొచ్చింది. ఆ పేరు కాస్తా నెత్తికెక్కింది.

ఓ పొద్దున్న ఉప్పలగుప్తం నుంచి సూరమ్మ వచ్చింది. కొడుకు ఏసుపాదం మస్కట్‌లో పనిచేస్తుంటే గోడ కూలి మీద పడి చనిపోయేడు. శవం కూడా రాలేదు, అక్కడే పూడ్చేసేరు. పోయినవాడి పేరున ప్రార్థన చేసే ఆదరణ కూడికకి కార్డు వేయించాలని, గుడ్డలో చుట్టి తెచ్చిన ఫొటో తీసింది. ప్రయాణానికి ముందు తల్లీకొడుకులు స్టూడియోలో తీయించుకున్నది.

"ఇదొక్కటే ఉందండి బాబూ. పనైపోయేక ఇచ్చేస్తారు కదండీ?"

"ఆయ్, భద్రంగా ఇచ్చేస్తానండి," అన్నాడు సాలమోను. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం.

కార్డులో కొడుకొక్కడే ఉండాలి. అలవాటు కొద్దీ బ్లేడు పెట్టి ఏసుపాదం చుట్టూ కోసేసేడు. భుజం మీద తల్లి వేళ్ళు మిగిలిపోతే, తెల్ల చొక్కాలో కలిసిపోయేలా రంగు పూసేడు. ఎంత నీటుగా కుదిరిందోనని మురిసిపోయేడు కూడా! తల్లి ఉన్న ముక్క బల్ల కింద తుక్కులో పడింది. సాయంత్రం ఊడ్చి తగలబెట్టేసేరు.

బ్లాకు, అట్ట రాజమండ్రి నుంచి తిరిగొచ్చేకగానీ ఇచ్చిన మాట గుర్తుకు రాలేదు మహానుభావుడికి. స్టూడియోకి పరిగెత్తేడు. ఏడాది దాటిన నెగటివులు పారేస్తామండి అన్నారు వాళ్ళు.

"రాజమండ్రిలో పోయిందని చెప్పెయ్యవోయ్, ఎవరడుగుతారు?" అన్నారు ప్రెస్సు యజమాని శ్యామ్ సుందర్ గారు.

సూరమ్మ వచ్చింది. ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, ఆవిడ మొహం చూసేక పెగల్లేదు. అట్ట మీంచి ఊడదీసిన కొడుకు బొమ్మ ఆవిడ చేతిలో పెట్టి, "తప్పైపోయిందండి. మిమ్మల్ని కోసేసేను. ఆ ముక్క లేదండి," అన్నాడు.

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బావుండును! ఆవిడ కొడుకు భుజం మీది తెల్ల రంగుని గోటితో మెల్లగా గీకింది. రంగుతో పాటు బొమ్మ కూడా లేచొచ్చేసింది. టక్కున చెయ్యి ఆపేసింది.

"'చెయ్యి తియ్యమ్మా, ఫొటోలో బాగోదు' అన్నాడండి ఆ రోజు," అంది. "నేను తియ్యలేదండి బాబూ."