రెండు గంటల పని

మా ఇంట్లో కేకు చేసేది నా భార్య, ధర చెప్పేది నేను. తిరుత్తణిలో మేముండే అద్దె ఇంటి వంటగదిలో చిన్న ఓవెన్ పెట్టుకొని, ఎవరు ఏ బొమ్మ అడిగితే ఆ బొమ్మతో అర కిలో, కిలో కేకులు చేసి ఇచ్చేది. ఆర్డర్లు మాత్రం నా ఫోన్‌కే వచ్చేవి. నేను తిరువళ్లూరులో ఒక జవుళి కొట్టులో అమ్మకాలు చూస్తాను. బేరం మాట్లాడటం నాకు తెలిసిన విద్య అనుకొని ఆ పని నేనే తీసుకున్నాను. ఆమె ఇవ్వలేదు.

మైదా, చక్కెర, గుడ్లు, వెన్న, క్రీము, అట్టపెట్టె, కరెంటు. వీటి మీద ఓ నూరో నూటయాభయ్యో వేసి ధర చెప్పేవాణ్ణి. ఆమె చేతుల పనికి అందులో చోటు లేదు. లేదన్న సంగతి కూడా నాకు తోచలేదు.

మాది అత్తిమంజేరిపేటలో నేత ఇల్లు. షావుకారు నూలు తూచి ఇచ్చేవాడు. చీర పూర్తయ్యాక దాన్నీ తూచి చూసుకొని, కూలి మా నాయన చేతిలో పెట్టేవాడు. ఆ చీరకు కావలసిన నూలు కండెలన్నీ రాట్నం ముందు కూర్చొని మా అమ్మ చుట్టేది. కండె అందకపోతే మగ్గం ఆగిపోతుంది. అయినా కూలి మగ్గం మీద కూర్చున్న మనిషిదే. కండెలకు వేరుగా కూలి అన్న మాట మా ఇంట్లో నేనెన్నడూ వినలేదు. మగ్గం అమ్మేశాం కానీ ఆ అలవాటు నాతోనే వచ్చింది.

పోయిన ఏడు ఆ షావుకారికి అరవై నిండాయి. నాకు మామ వరస. మడత పెట్టిన చీరలా కేకు కావాలని ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆ మాట చెప్పగానే నా భార్య ముఖం వెలిగిపోయింది. మా అమ్మ పెట్టెలోంచి పాత చీర తీసి, అంచు చూసుకుంటూ కూర్చుంది. చక్కెర పిండి ముద్ద కలిపి రంగులు పట్టించడానికే ఒక రోజు పట్టింది. రెండో రోజంతా కత్తి మొనతో అంచు మీద గోపురాలు ఒక్కొక్కటే కోసి అతికించింది. పక్కనే కూర్చున్న మా అమ్మ ఊరుకోలేదు.

"అంత దగ్గిర దగ్గిరగా ఉండవమ్మే గోపురాలు. సందు ఇడువు."

"ఇడిస్తే చీర చాలదత్తా, ఇది అర మూరే."

ఇద్దరూ నవ్వుకున్నారు. మూడో రోజు కేకు కాల్చి, పైన ఆ చక్కెర చీర పరిచి, జరీ రంగు అద్దింది. బయలుదేరే ముందు నాతో ఒకే మాట చెప్పింది. "ఈసారి రెండువేల ఐదునూర్లు చెప్పు. తగ్గించద్దు."

సరేనన్నాను. ఆటోలో పెట్టె ఒడిలో పెట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

మామ ఇంట్లో కేకును కోయడానికి ఎవరికీ మనసు రాలేదు. అందరూ చుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నారు. మామ నా భుజం మీద చెయ్యేసి గట్టిగా అడిగాడు.

"ఏమబ్బా, దీనికెంత?"

మా నాయనకు నూలు తూచి ఇచ్చిన మనిషి. ఆయన ముందు నేను మళ్లీ చీర అప్పగించడానికి వచ్చినవాణ్ణయిపోయాను.

"మీ దగ్గిర ఏముంది మామా, తొమ్మిదినూర్లు ఇయ్యండి. సామాన్ల ఖర్చే."

"అంతేనా అన్నా?" అంది ఆయన కూతురు. "ఎన్ని దినాలు పట్టింది?"

"దినాలేంది! రెండు గంటల పని. ఇంట్లో ఊరికేనే గదా ఉండేది."

"అట్లయితే మా మనమరాలికీ ఒకటి చెయ్యమనప్పా, అదే ధరకి!" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా భార్య కేకు కోసే కత్తిని గుడ్డతో తుడుస్తూ నా పక్కనే ఉంది. కత్తిని బల్ల మీద పెట్టి పక్కకు వెళ్లిపోయింది.

మరునాడు అచ్చులన్నీ కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టేసింది. ఓవెన్ మీద పాత చీర ముక్క కప్పింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం గాలా. ఊరికే ఉంటా."

అప్పుడైనా తప్పు ఒప్పుకోవలసింది. కోపం తెచ్చుకున్నాను. "దుడ్డుకా ఇంత రోషం? ఆ పదహారునూర్లు నేనిస్తా, తీసుకో" అన్నాను.

"దుడ్డు ఎవురడిగినారు? మూడు దినాలు కండ్లారా చూసినావు గదా. చూసి గూడా అట్ల ఎట్ల జెప్పినావు?"

మూలన మంచం మీద నుంచి మా అమ్మ అందుకుంది.

"వీని నాయనా ఇంతే. చీర బాగుందని ఎవురన్నా అంటే, ‘నేను నేసినా’ అంటాడు. నేను ఆడనే రాట్నం ముందర కూసోనుంటా. ఒక్క దినమన్నా నా పక్క చెయ్యి చూపించినాడా?"

ఆమె వేలి మీద నూలు కోసిన గాడి ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకొనే నడిచాను. ఆ గాడి గురించి ఏనాడూ అడగలేదు.

మామ కూతురికి ఫోన్ చేసి, అది మూడు రోజుల పని అని, నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను.

"ఇప్పుడేమి, ఇంకా దుడ్డు కావాలనా అన్నా?" అని నవ్వింది.

"వద్దమ్మా. నీకు తెలిస్తే చాలు."

"సరి సరి" అని పెట్టేసింది. నా భార్య పక్క గదిలో బట్టలు మడతపెడుతూ విన్నది. మడతపెట్టడం మాత్రం ఆపలేదు. ఒక్క ఫోన్‌తో పోయే తప్పు కాదది.

ఆ రోజు అక్కడ ధర విన్నవాళ్లు తర్వాత చాలామంది ఫోన్ చేశారు. అందరికీ అదే ధరకు కావాలి. "ఆమె మానేసినాది, నా వల్లనే" అని చెబుతూ వచ్చాను. పోయిన వారం తిరువాలంగాడు నుంచి ఒకామె ఫోన్ చేసి, ధర ఎంతని అడిగింది. నోటిదాకా వచ్చిన అంకెను మింగి, ఫోన్ తీసుకెళ్లి నా భార్య ముందు పెట్టాను. ఆమె చేతులు తుడుచుకొని ఫోన్ అందుకుంది.

"ఏం బొమ్మ కావాలక్కా? ... ఆఁ, సరి. రేపు జెప్తా. నా నంబరు రాసుకోండి."

ఫోన్ నా చేతికిచ్చి మళ్లీ పనిలో పడింది. చేస్తావా, ఎంత చెబుతావు అని అడగబోయాను. అడగలేదు. ఓవెన్ మీద ఆ గుడ్డ ఇంకా అలాగే ఉంది.