ఒక్క అక్షరం మార్చకుండా

మరమగ్గం దగ్గర మా బాపు పడే తిప్పల మీద నేను ఎంఏలో మా ఇంటి మాటలోనే ఒక వ్యాసం రాస్తే, మా ప్రొఫెసర్ దాన్నిండా ఎర్రగీతలు కొట్టారు. "వచ్చిండు, పోయిండు ఏమిటయ్యా? మనిషిలా రాయి" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ కాగితాన్ని నేనింకా పారేయలేదు.

తర్వాత విదేశంలో కార్మికుల ఫిర్యాదుల మీద పరిశోధన చేస్తూ, ఒక బట్టల మిల్లులో మంచి పద్ధతి చూశాను. ఎవరి మీద ఫిర్యాదు వస్తే వాళ్లే దాన్ని అందరి ముందూ చదవాలి, ఒక్క అక్షరం మార్చకూడదు. కరీంనగర్‌లో మా యూనివర్సిటీ ఫిర్యాదుల కమిటీ నా చేతికి రాగానే అదే నియమం పెట్టాను. న్యాయం కోసమని అందరికీ చెప్పాను. నిజానికి ఇంకా అక్కడే పనిచేస్తున్న ఆ ప్రొఫెసర్ కోసమే పెట్టాను.

నిరుడు ఆయన దొరికారు. ఆఫీసులో చాయ్ పెట్టే, ఇచ్చోడ ఊరి ఆమె ఆయన మీద రాసిచ్చిన ఫిర్యాదు కాగితం ఆయన చేతికే ఇచ్చాను.

"చాయ్ సల్లగైందని సారు నన్ను తిట్టారు" అని చదివారు.

"అట్ల లేదు సార్. మళ్ల చదువుండ్రి" అన్నాను.

"తిట్టినారు."

"నేను తిట్టిండు అనే రాసిన" అంది ఆమె.

మూడోసారి, చెవులు ఎర్రబడి, "తిట్టిండు" అన్నారు.

"గిప్పుడు మనిషిలెక్క చదివిండ్రు సార్" అన్నాను.