వేదిక దిగిపోయే కాపరి

పాస్టరుగారికి ఒకే ఒక్క అలవాటు ఉండేది. వేదిక మీద నిలబడి ధాటిగా ప్రసంగిస్తున్న మనిషి కాస్తా, ఎదురుగా ఒక్క కుర్చీ ఖాళీగా కనిపిస్తే చాలు, నోట్లో మాట నోట్లోనే వదిలేసి, చెప్పులు తొడుక్కుని, ఆ కుర్చీ తాలూకు మనిషి ఇంటికి బయలుదేరేవారు. సంఘమంతా గుడ్లప్పగించి చూస్తూ కూర్చునేది.

తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్ళిన కాపరి కథను లోకమంతా విని, బాగుందనుకుని, ఊరుకుంది. ఆయనొక్కరే దాన్ని తన ఉద్యోగ నిబంధన అనుకున్నారు.

"ఆ కాపరి వెళ్ళేముందు మిగతావాటికి కాసిని నీళ్ళయినా పెట్టి వెళ్ళుంటాడు. మీకు అదీ లేదు," అనేది పాస్టరమ్మ.

"పాటలు పాడుకోమని చెప్పే వెళ్తున్నాగా!"

"పాడించీ పాడించీ సంగీతం టీచరమ్మ గొంతు పోయిందండీ. పోయినవారం పాపం సైగలతో లాక్కొచ్చింది."

"చూశావా? మంద తనంతట తాను ఎంత నేర్చుకుంటోందో!"

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఆమె మొహం అటు తిప్పుకుని నవ్వుకునేది.

పోనీ తిరిగొచ్చాక ఆపినచోట మొదలుపెడతారా అంటే, ఎక్కడ ఆపారో గుర్తుంటేగా! మళ్ళీ మొదటినుంచి అందుకునేవారు. అందువల్ల ఆయన ప్రసంగాల మొదటి సగం ఆ సంఘంలో అందరికీ కంఠతా వచ్చు. రెండో సగం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

జ్వరమొచ్చినవాళ్ళు దుప్పటి కప్పుకుని మరీ వచ్చేవారు, ఇంటి దగ్గరుంటే ఆయన వచ్చేస్తారని. బేకరీ ఆయన కోడలు నిండు నెలల్లో ఉండగానే కబురు పెట్టింది: "నా కుర్చీ తీసేయించండి అమ్మగారూ. లేకపోతే అయ్యగారు నేరుగా కాన్పు గదిలోకే వచ్చేస్తారు." ఇక ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న ఆదివారాల్లో కుర్రకారు ఏకంగా వంతులే వేసుకునేది.

"ఈ వారం తప్పిపోయే గొర్రె ఎవర్రా?"

"నేను మొన్ననే తప్పిపోయాను. ఈసారి మా బావ."

ఆ బావను వెతుక్కుంటూ పాస్టరుగారు చెమటలు కక్కుకుంటూ వెళ్ళేసరికి, కుర్రాళ్ళంతా టీవీ ముందు చేరిపోయేవారు.

దీన్ని సహించలేనిది గడియారాలు బాగుచేసే ఆయన ఒక్కడే. ఒంటరి మనిషి. కింద కొట్టు, పైన గది. ఏనాడూ ఒక్క ఆదివారం మానలేదు, ఒక్క క్షణం ఆలస్యంగా రాలేదు. చూసి చూసి, ఒకరోజు బిషప్పుగారి దగ్గరికే వెళ్ళి ఫిర్యాదు చేసి వచ్చాడు.

బిషప్పుగారు పాస్టరమ్మకే ఫోన్ చేశారు. "ఈ ఆదివారం నేనే వచ్చి కూర్చుంటానమ్మా. ఆయన ప్రసంగం మధ్యలో వేదిక దిగారా, ఇక సంఘం ఇవ్వను. హెడ్డాఫీసులో కుర్చీ వేసి కూర్చోబెడతాను."

చుట్టూ మనుషుల్లేని గదిలో ఆయన బతికే ఉంటారు గానీ, ఆయనలా ఉండరు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఏవండీ, ఈ ఒక్క ఆదివారం కదలనని మాటివ్వండి."

"ఎవరూ మానకపోతే కదలను."

"అది మాటివ్వడమా!"

ఆదివారం అందరికన్నా ముందే వెళ్ళి, అదనంగా ఉన్న కుర్చీలన్నీ ఆమె సామాన్ల గదిలో పడేసింది. బిషప్పుగారు ముందు వరుసలో కూర్చున్నారు. ప్రసంగం ఊపందుకుంది. ఎందుకో పాస్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది. గడియారాలాయన కుర్చీ ఖాళీ! చప్పుడు కాకుండా లేచి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. దాంతో ఆమె కుర్చీ ఖాళీ అయింది.

వేదిక మీద మాట ఆగింది.

"నువ్వు ఇక్కడే ఉన్నావుగా," అన్నారు పాస్టరుగారు మైకులోనే. "మరి నువ్వు కూర్చున్న ఆ కుర్చీ ఆయనేడీ?"

"వస్తారు లెండి, మీరు కానివ్వండి!"

"గడియారాలాయన ఆలస్యంగా రావడమేమిటే?" అంటూనే ఆయన గుమ్మం దాటేశారు.

టీచరమ్మ అలవాటుగా పాట ఎత్తుకుంది. అది అయి ఇంకోటి, ఆ పైన ఇంకోటి. ఆయన జాడ లేదు. బిషప్పుగారి మొహంలో మబ్బులు కమ్మాయి.

పాస్టరమ్మ లేచింది. "నేను వెళ్ళి పట్టుకొస్తానండీ."

"పదండి, నేనూ వస్తాను," అన్నారు బిషప్పుగారు.

ఆయనే వెళ్తుంటే మనం ఇక్కడేం చేస్తామని సంఘమంతా లేచింది. కాపరిని వెతుక్కుంటూ మంద వీధిన పడింది.

మేడమీది గది తలుపు తీసే ఉంది. గోడల నిండా గడియారాలు. ఏ రెండూ ఒకే టైము చెప్పడం లేదు. నడుము పట్టేసి గడియారాలాయన నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కనే పాస్టరుగారు కూడా, కోటుతో సహా, వెల్లకిలా.

"అయ్యో, మీకూ పట్టేసిందా!" అని కేకపెట్టింది పాస్టరమ్మ.

"నాకేం లేదే. నేను నిలబడి మాట్లాడుతుంటే ఈయనకు నామోషీగా ఉందట. డాక్టరుకు ఫోన్ చేశాను, వస్తున్నాడు."

బిషప్పుగారు ఊపిరి తీసుకున్నారు. "ప్రసంగం ముగించుకుని రాకూడదా అండీ?"

"ముగించి వస్తే అది పలకరింపు అవుతుంది అయ్యగారూ," అన్నారు పాస్టరుగారు పైకప్పును చూస్తూ. "నువ్వు మాకు కావాలి అని ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. నువ్వు రాలేదని అక్కడ అంతా ఆగిపోయి కూర్చున్నాం అంటే, అప్పుడు నమ్ముతారు."

మ్యాచ్ కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇన్నేళ్ళూ ఆయన్ని వారించడమే గానీ ఎందుకలా అని తాను అడగనేలేదని పాస్టరమ్మకు అప్పుడు తట్టింది.

బిషప్పుగారు గడియారాలాయన వైపు వంగారు. "ఫిర్యాదు చేసింది మీరు. ఇప్పుడేమంటారు?"

"ఫిర్యాదు నిజమేనండీ. మధ్యలో వెళ్ళిపోతారన్నాను, వెళ్ళిపోతారు. ఎక్కడికి వెళ్తారో మాత్రం చెప్పలేదు. నేనెప్పుడూ మానలేదుగా, నాకేం తెలుసు? పొద్దున్నుంచీ ఇలా పడి ఉన్నాను. ఎవరైనా వస్తారా అనుకుంటే ఈయనొక్కరే గుర్తొచ్చారు. ఈయన్ని తీసుకెళ్ళి ఆఫీసులో పెడితే ఎలాగండీ?"

బిషప్పుగారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేలమీద కూర్చుని, "కాస్త జరగండి," అని పాస్టరుగారి పక్కన తానూ నడుం వాల్చారు. "తీసుకెళ్ళను లెండి. ఈయన్ని పెడితే అందరూ ఈయన వెంటే పోయి మా ఆఫీసులో ఎవరూ మిగలరు."

మెట్లనిండా నవ్వు పాకింది. ఆ జనంలోంచి డాక్టరు దారి చేసుకుని లోపలికొచ్చాడు. వరసగా పడుకున్న ముగ్గురినీ చూసి నోరు తెరిచాడు.

"వీళ్ళలో పేషెంటు ఎవరండీ?"

"ఆ గోడవైపు ఆయన," అంది పాస్టరమ్మ. తరవాత తల ఎత్తి, మెట్లమీద చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేలా అంది:

"మధ్యలో ఉన్నది మావారు. ఆయన్ని అలాగే ఉండనివ్వండి."